ముప్పై రెండంకెల సంఖ్య, ఏడంకెల సంఖ్య

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నంద్యాలలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షన్ దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అన్న ఆ తీర్పు గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన పని వేరు. "మీరు ఖాళీ సమయంలో ఏవో పెద్ద పెద్ద లెక్కలు వేస్తుంటారట కదా, అందరికీ అర్థమయ్యేట్టు ఒక అరగంట చెప్పండి" అన్నారు. నేను గణితంలో పండితుణ్ణి కాను. పాతకాలపు పి.యు.సి. చదివి, ముప్పై ఎనిమిదేళ్ళు రిజిస్టర్లలో అంకెలు దించినవాణ్ణి. కనుక పండితులెవరైనా సభలో ఉంటే తప్పులు క్షమించాలి. తక్కినవారు నిద్ర వస్తే మొహమాటపడవద్దు.

నేను చెప్పదలచిన సంఖ్య ఒకటుంది. దానిని కాగితంమీద పెద్ద అక్షరాలతో రాయించి తెచ్చాను. చూడండి:

1,01,41,20,48,01,82,58,35,21,19,73,62,56,43,008

ముప్పై రెండు అంకెలు. రెండును రెండుతో గుణించి, వచ్చినదాన్ని మళ్ళీ రెండుతో గుణించి, అలా మొత్తం 103 రెండ్లను కలిపి గుణిస్తే వచ్చే ఫలితం ఇది. లెక్కల పుస్తకాల్లో రెండుకు 103వ ఘాతం అంటారు.

ఈ సంఖ్యే ఎందుకు అంటే దీనికి మన ప్రాంతంతో సంబంధం ఉంది. 1966 నవంబరు 7న హైదరాబాదులో జరిగిన గణితావధానంలో ఈ ప్రశ్న అడిగితే, కాగితం కలం లేకుండా, నోటితో ఈ ముప్పై రెండు అంకెలూ చెప్పినవారు లక్కోజు సంజీవరాయశర్మ గారు. ఆయనది కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరు. 1907లో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. ఇంట్లో అక్కగారు బడి పాఠాలు పైకి చదువుతుంటే విని నేర్చుకున్నారని ఆయన గురించి రాసినవారందరూ చెబుతారు. కాగితంమీద అంకె ఆకారం ఆయన ఎన్నడూ చూడలేదు. వేలకొద్దీ అవధానాలు చేసి, వయొలిన్ కూడా వాయించి, 1997లో కన్నుమూశారు.

ఆయన తొలి గణితావధానం ఎక్కడ జరిగిందనుకుంటున్నారు? ఈ నంద్యాలలోనే. 1928 నవంబరులో ఇక్కడ ఆంధ్ర మహాసభ జరిగింది. దత్తమండలాలు అన్న పేరు తీసేసి మన ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నది కూడా ఆ నంద్యాల సమావేశాలలోనే. చిలుకూరి నారాయణరావు గారు ఆ పేరు సూచించారు. అప్పటికి శర్మగారికి ఇరవై ఒక్క ఏళ్ళు నిండబోతున్నాయి. మా నాన్నగారు అప్పుడు చిన్నపిల్లవాడు. సభకు వెళ్ళలేదు గాని, కళ్ళు లేని అబ్బాయి పెద్దల ముందు లెక్కలు చెప్పాడట అన్న మాట మా పల్లెదాకా వచ్చిందని చెప్పేవారు. మాది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. నేను ఎక్కాలు తప్పినప్పుడల్లా ఈ మాట నా నెత్తిన పడేది. ఆయన అంతటివాడు, నువ్వు కళ్ళుండీ ఇంతటివాడివి అని. శర్మగారిని నేను ఎన్నడూ చూడలేదు. ఎక్కాల మూలంగా చిన్నప్పుడు ఆయనమీద నాకు కొంచెం కోపం కూడా ఉండేది.

రిటైరయ్యాక ఒక ఎండాకాలం, బయటికి వెళ్ళలేని మధ్యాహ్నాల్లో, ఆ సంఖ్యను చేత్తో కట్టి చూద్దామనిపించింది. క్యాలిక్యులేటర్ వాడలేదు, వాడినా ముప్పై రెండంకెలు అందులో పట్టవు. 103 సార్లు రెట్టింపు చేయడం కన్నా దగ్గరి దారి ఉంది. పదిసార్లు రెట్టిస్తే 1024 వస్తుంది. ఆ 1024ను పదిసార్లు గుణించుకుంటే వంద రెట్టింపులు అయినట్టు. ఇక మిగిలిన మూడు రెట్టింపులకు ఎనిమిదితో గుణిస్తే సరి. 1024 వెయ్యికి కొంచెం ఎక్కువ, ఇరవై నాలుగు ఎక్కువ, అంతే. కాని ఆ కొసరు పదిసార్లు గుణించేసరికి ముదిరి, ఒకటి పక్కన ముప్పై సున్నాలు ఉండవలసిన చోట పన్నెండు వందల అరవై ఏడుతో మొదలయ్యే సంఖ్య అవుతుంది. దాన్ని ఎనిమిదితో గుణిస్తే 10,141తో మొదలయ్యే ముప్పై రెండంకెల సంఖ్య. అంటే ముప్పై రెండో అంకెలోకి ఈ సంఖ్య అంచుమీద అడుగుపెట్టిందన్నమాట. ఆ కొసరు లేకపోతే ముప్పై ఒక అంకెల దగ్గరే ఆగిపోయేది. చిన్న వడ్డీ పెద్ద అసలు అవడం మనకు కొత్త కాదు గదా.

సరే, రెండు మధ్యాహ్నాలు కూర్చుని కట్టాను. జవాబు వచ్చింది. అది ఒప్పో తప్పో తెలిసేదెట్లా? శర్మగారు చెప్పిన జవాబు నా దగ్గర ఉంది, దాంతో పోల్చుకోవచ్చు. కాని జవాబు చూసి దిద్దుకోవడం బడిపిల్లలు చేసే పని. ముందు పరీక్షలు పెడదామనుకున్నాను. ఈ పరీక్షల గురించే ఈ రోజు నేను చెప్పదలచింది.

పెద్ద సంఖ్యను ఎవరూ ఒక్క చూపులో చూడలేరు. ముప్పై రెండు అంకెలను మీరు ఎంతసేపు తేరిపార చూసినా అది అంకెల వరుసగానే ఉంటుంది. దాని సంగతి తెలియాలంటే చిన్న చిన్న ప్రశ్నలు వేయాలి. సరిసంఖ్యవా, బేసివా? తొమ్మిదితో భాగిస్తే నీలో ఎంత మిగులుతుంది? పదకొండుతో భాగిస్తే ఎంత? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క చిన్న జవాబు వస్తుంది.

తొమ్మిది పరీక్ష మనలో అకౌంట్లు చూసినవారికందరికీ తెలుసు. అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్ళీ కూడి, ఒక్క అంకె వచ్చేదాకా కూడటం. ఆ వచ్చిన అంకే తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషం. తొమ్మిది వస్తే శేషం సున్నా. రెట్టింపు చేసుకుంటూ పోయే సంఖ్యలకు ఈ శేషాలు ఒక వరుసలో తిరుగుతాయి: 2, 4, 8, 7, 5, 1, మళ్ళీ 2, 4, 8, 7, 5, 1. ఆరింటికి ఒక చుట్టు. 103ను ఆరుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది గనుక మన సంఖ్య చుట్టులో మొదటి చోట, అంటే రెండు దగ్గర ఆగాలి. పైన రాసిన అంకెలు కూడి చూడండి: 110 వస్తుంది. ఒకటి, ఒకటి, సున్నా కూడితే రెండు. సరిపోయింది.

నేను మొదట కట్టిన జవాబుకు అయిదు వచ్చింది. ఎక్కడో చేతిలో ఉంచుకున్న అంకె జారిపోయింది. మళ్ళీ కట్టాను. ఈసారి రెండే వచ్చింది. సంతోషించి మజ్జిగ తాగి, దానికి పదకొండు పరీక్ష కూడా పెట్టాను.

పదకొండు పరీక్షలో అంకెలన్నీ ఊరికే కూడరు. కుడివైపు చివరి అంకె కూడి, దాని పక్కది తీసివేసి, ఆ పక్కది కూడి, అలా ఒకటి విడిచి ఒకటి చేసుకుంటూ పోవాలి. వచ్చినదాన్ని పదకొండుతో భాగిస్తే మిగిలేదే శేషం. రెట్టింపు సంఖ్యలకు ఇక్కడ పదింటికి ఒక చుట్టు: 2, 4, 8, 5, 10, 9, 7, 3, 6, 1. 103లో పది చుట్లు పోగా మూడు మిగులుతుంది, కాబట్టి మూడో చోట, అంటే ఎనిమిది దగ్గర ఆగాలి. పైన ఉన్న సంఖ్యకు కూడవలసినవి 59, తీసివేయవలసినవి 51, తేడా ఎనిమిది. బ్రహ్మాండంగా సరిపోతుంది.

నా జవాబుకు సున్నా వచ్చింది! అంటే నేను కట్టిన సంఖ్యను పదకొండు నిశ్శేషంగా భాగిస్తుందన్నమాట. ఇది జరగని పని. రెండ్లను మాత్రమే గుణించిన సంఖ్యలోకి పదకొండు ఎక్కడినుంచి వస్తుంది? అప్పుడు ఒక్కొక్క అంకె వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. కుడినుంచి చూస్తే 43కు, 56కు ఇవతల 62 ఉండాలి. నేను సాపు ప్రతి రాసుకునేటప్పుడు 26 అని రాశాను. అంకెలు అవే, చోట్లు తారుమారు. తొమ్మిది పరీక్ష అంకెలను కూడుతుంది గాని, ఏది ముందు, ఏది వెనుక అని అడగదు. కనుక తారుమారు దానికి కనబడదు. పదకొండు పరీక్షకు మాత్రం పక్కపక్క అంకెల తారుమారు కనబడుతుంది.

ఆ 26ను చూసి నేను చాలాసేపు కలం కింద పెట్టేశాను. ఎందుకో తరవాత చెబుతాను.

ముందు ఈ సంఖ్య జాతకం కొంత చెప్పాలి. సంఖ్యలకు కూడా కులగోత్రాల వంటివి ఉన్నాయి. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగం పోనిది ప్రధాన సంఖ్య, తక్కినవి సంయుక్త సంఖ్యలు. ఇది కాక గ్రీకులనాటి మరో విభజన ఉంది. ఒక సంఖ్యను నిశ్శేషంగా భాగించే చిన్న సంఖ్యలన్నీ కూడితే ఆ సంఖ్యే వచ్చిందంటే అది పరిపూర్ణ సంఖ్య. ఆరు అలాంటిది: 1, 2, 3 కూడితే ఆరు. ఇరవై ఎనిమిది కూడా అంతే. పన్నెండుకు 1, 2, 3, 4, 6 కూడితే పదహారు, అంటే రాబడి ఎక్కువ. ఎనిమిదికి 1, 2, 4 కూడితే ఏడు, ఒకటి తక్కువ.

మన ముప్పై రెండంకెల సంఖ్యను భాగించేవి 104 సంఖ్యలు. ఒకటి నుంచి మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చేవన్నీ, అదీ చేరి. తనను తప్ప తక్కిన 103 కూడితే సరిగ్గా ఒక్కటి తక్కువ వస్తుంది. పరిపూర్ణం కావడానికి ఒకే ఒక్కటి తక్కువ! రోజంతా కట్టిన క్యాష్ బుక్కులో ఒక్క రూపాయి తేడా వచ్చి రాత్రి ఎనిమిదింటిదాకా ఇంటికి పోనివ్వని రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఈ సంఖ్య శాశ్వతంగా అలాంటి రోజులో ఉండిపోయింది. రెండు ఘాతాలన్నీ ఇలా ఒకటి తక్కువవే. అవి కాక ఒక్కటే తక్కువయ్యే సంఖ్య ఇంకేదైనా ఉందా అన్నది ప్రపంచంలో ఇప్పటికీ తేలలేదు.

ఇక ఈ సంఖ్యనుంచి ఒకటి తీసేస్తే చూడండి. చివర 008 పోయి 007 అవుతుంది, అంతే. కాని కులం మొత్తం మారిపోతుంది. రెండ్లు తప్ప మరేమీ లేని సంఖ్య పక్కనే, రెండు అసలే లేని సంఖ్య. దానికి రెండే రెండు ప్రధాన కారణాంకాలు. ఒకటి పది అంకెలది, 2,55,01,83,799. మరొకటి ఇరవై రెండంకెలది. ఫ్రాన్సులో మెర్సెన్ అనే సన్యాసి 1644లో ఇలా రెండు ఘాతంలో ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్యలు వచ్చే ఘాతాలంటూ ఒక జాబితా రాశాడు. అందులో 103ను వేయలేదు, సరే. కాని పక్కనే ఉన్న 107ను వేయవలసి ఉండి వేయలేదు. వేయకూడని 67ను వేశాడు. పెద్ద సంఖ్యల దగ్గర అంతటివాడికీ పొరపాటు జరిగిందని చెప్పడానికి ఇది ఎత్తాను. 67ది తప్పని తేల్చి చూపేసరికి రెండు వందల ఏళ్ళు దాటాయి.

తెలుగులో ఇంతకన్నా పాత పెద్ద సంఖ్య ఒకటుంది. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో గణితం రాశాడు. దానికి మూలం తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుల గణితసారసంగ్రహం. చదరంగపు బల్లమీద మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్ళు నింపితే మొత్తం ఎంత అన్నదానికి ఆయన ఒక పద్యంలో జవాబు చెప్పాడు. అంకెలను అంకెలుగా చెప్పలేదు. చంద్రుడంటే ఒకటి, వేదమంటే నాలుగు, బాణమంటే అయిదు, ఆకాశమంటే సున్నా. అలా మాటలుగా, ఒకట్ల స్థానం నుంచి పైకి చెప్పుకుపోయాడు. జవాబు ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

ఇరవై అంకెలు. మహావీరాచార్యులు ఒకటి నుంచి మహాక్షోభం దాకా ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు పెట్టాడు. వాటిలో ఇరవయ్యోది మహాశంఖం. కాబట్టి చదరంగపు సంఖ్య మహాశంఖంతో మొదలవుతుంది. శర్మగారి ముప్పై రెండంకెల సంఖ్యకు ఆ పేర్లు చాలవు.

నంద్యాలవారికి బియ్యం లెక్క చెప్పకపోతే ఎట్లా? ముతక బియ్యమైతే గ్రాముకు నలభై గింజలనుకోండి. మన సోనా ఇంకా సన్నం, దాని సంగతి వదిలేద్దాం. చదరంగపు గింజలు నలభై ఆరు వేల కోట్ల టన్నులు తూగుతాయి. ప్రపంచమంతా కలిపి ఇప్పుడు ఏటా పండే బియ్యం సుమారు యాభై కోట్ల టన్నులు. తొమ్మిది వందల ఏళ్ళ పంట కావాలి. కె.సి. కాలువకు ఎన్ని తడవలు నీళ్ళు వదలాలో ఇంజనీరింగు శాఖ మిత్రులు చెప్పాలి.

ఈ సంఖ్య కుటుంబం పెద్దది. ఏడు ప్రధాన సంఖ్యలను గుణిస్తే వస్తుంది: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఇందులో 641కి ఒక కథ ఉంది. రెండుకు 32వ ఘాతం తీసుకుని ఒకటి కలిపితే వచ్చేది ప్రధాన సంఖ్యే అని ఫెర్మా అనే గొప్పవాడు 1640 ప్రాంతంలో నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపాడు. శేషం సున్నా. సంఖ్యను చూసి ఊహించినవాడు పొరబడ్డాడు, ఓపికగా భాగించి చూసినవాడికి నిజం దొరికింది. ఆయిలర్‌కు కూడా తరవాత చూపు పోయింది. చూపు పోయాకనే ఎక్కువ రాశాడంటారు. శర్మగారి విషయం చెప్పుకుంటున్నాం గనుక ఇది గుర్తొచ్చింది.

ఇప్పుడు ఆ 26 సంగతికి వస్తాను. దీన్ని నేను ఏ సభలోనూ చెప్పలేదు. మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఈ రోజు మా ఇంటివాళ్ళు కూడా ఇక్కడే కూర్చున్నారు.

1980ల మొదట్లో నేను ఆళ్ళగడ్డలో పనిచేస్తున్నాను. ఏ ఆఫీసన్నది అనవసరం. కుటుంబ పెన్షన్ల రిజిస్టరు నా దగ్గర ఉండేది. ఒక చిన్న ఉద్యోగి పెన్షన్ తీసుకుంటూ పోయాడు. ఆయన భార్యకు కుటుంబ పెన్షన్ రావాలి. ఉత్తర్వు వచ్చింది. నంబరు నేనే రిజిస్టర్లో దించాను. నిజం నంబరు చెప్పకూడదు గనుక ఇలాంటిదే ఒకటి చెబుతాను: 4726318 అనుకోండి. నేను రాసింది 4723618.

మా సూపరింటెండెంటు గారు మంచి పనిమంతుడు. ఏ నంబరు దించినా అంకెలు కూడి చూసుకోమని నేర్పాడు. కూడాను. ఉత్తర్వులో అంకెల మొత్తం 31, నా రిజిస్టర్లో 31. టిక్కు పెట్టాను.

మీలో అకౌంట్లవారు ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. మొత్తాలు కలవనప్పుడు తేడాను తొమ్మిది నిశ్శేషంగా భాగిస్తే అంకెలు తారుమారై ఉంటాయని వెతుకుతాం, అది మన వృత్తిలో అ ఆ ఇ ఈ. పై రెండు నంబర్లకూ తేడా 2,700. తొమ్మిది మూడు వందల సార్లు. కాని అవి డబ్బు మొత్తాలైతేనే కదా, ఎదుటి పక్క మొత్తంతో తేడా వచ్చి బయటపడేది. పెన్షన్ నంబరును ఎవరూ దేనితోనూ కూడరు. అది తప్పయినా ఏ బ్యాలెన్సూ చెడదు. ఏ రాత్రీ ఎవరూ ఆఫీసులో కూర్చోరు.

బిల్లు పోయింది, నంబరు సరిపోలేదని తిరిగి వచ్చింది. నేను నా రిజిస్టరు చూసే మళ్ళీ రాసి పంపాను. మళ్ళీ తిరిగి వచ్చింది. ఇలా అయిదు నెలలు. ఆమె ప్రతి నెలా పల్లెనుంచి బస్సులో వచ్చి వరండాలో కూర్చునేది. నేను "పైకి రాశామమ్మా, వస్తుంది" అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు. రాస్తూనే ఉన్నాను గదా.

ఆరో నెల ఆమె వచ్చినప్పుడు, ఎందుకో ఆమె ఎదుటే రిజిస్టరు తెరిచి నంబరు పైకి చదివాను. "నాలుగు, డెబ్బై రెండు, ముప్పై ఆరు, పద్దెనిమిది."

ఆమె వెంటనే అంది. "అట్ల కాదు సార్. అరవై మూడు. ముప్పై ఆరు రాదు దాంట్లో."

"నీకు చదువొచ్చునా అమ్మా?"

"చదువు యాడిది సార్. మా ఆయన మంచంలో ఉన్నప్పుడు నెల దినాలు నా చేత చెప్పించినాడు. నాలుగు, డెబ్బై రెండు, అరవై మూడు, పద్దెనిమిది. రేపు నువ్వు పోయి అడగల్ల, మరవద్దు అన్యాడు."

ఫైలు తీయించి ఉత్తర్వు చూశాను. అరవై మూడే. రిజిస్టర్లో ముప్పై ఆరు నా చేతిరాత. టిక్కు కూడా నాదే.

ఆమె అడిగింది, "ఎవరు తప్పు రాసినారు సార్?" అని. నేను "పైనుంచి వచ్చేటప్పుడే తప్పు పడిందమ్మా" అన్నాను. ఆమె "పోనీలే సార్, దొరికింది గదా" అంది. ఆ తరవాత రెండు నెలల్లో బకాయిలతో సహా వచ్చాయి. ఆ ఏడు నెలలూ ఆమె నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుని సంసారం నడిపిందని తరవాత తెలిసింది. బకాయిలు ఇవ్వడానికి రూల్సులో కాలమ్ ఉంది. ఆ వడ్డీకి ఏ కాలమూ లేదు. నేను కూడా ఇవ్వలేదు. ఇవ్వాలంటే తప్పు నాదని చెప్పవలసి వస్తుంది. ఆమె ఇప్పుడు లేదు. ఆమె ఉండగా చెప్పవలసిన మాట ఇవాళ మీ ముందు చెబుతున్నాను.

ఆ నంబరుకు పదకొండు పరీక్ష పెడితే ఏమయ్యేదో రిటైరయ్యాక చూశాను. అసలు నంబరుకు శేషం మూడు. నేను రాసినదానికి తొమ్మిది. అర నిమిషం పని. అప్పుడు నాకా పరీక్ష తెలియదు. తెలియకపోయినా ఉత్తర్వును ఎవరైనా పైకి చదువుతుంటే నేను రిజిస్టరు చూసుకుని ఉంటే దొరికేది. శర్మగారు నేర్చుకున్నదీ, ఆమె నేర్చుకున్నదీ చెవితోనే. చూపున్న నేను మాత్రం చూసి, కూడి, టిక్కు పెట్టాను.

ఇప్పటి నంబర్ల సంగతి కొంచెం మెరుగు. మీ ఆధార్ పన్నెండు అంకెల్లో చివరిది ఊరికే వేసింది కాదు. ముందున్న పదకొండు అంకెలనుంచి ఒక పద్ధతి ప్రకారం కట్టి వేసిన కాపలా అంకె. ఆ పద్ధతిని వెర్‌హోఫ్ అనే డచ్చి గణితజ్ఞుడు 1969లో ప్రకటించాడు. ఏ ఒక్క అంకె తప్పు రాసినా, పక్కపక్క రెండు అంకెలు తారుమారు చేసినా అది పట్టేస్తుంది. ఏ.టి.ఎం. కార్డు నంబరులో చివరి అంకె కూడా కాపలా అంకే, కాని పద్ధతి వేరు. దానికి 09, 90 తారుమారైతే తెలియదు, తక్కిన జతలు తెలుస్తాయి. పాత పుస్తకాల వెనుక పది అంకెల నంబరు ఉండేది చూడండి, ఒక్కోసారి చివర ఇంగ్లీషు ఎక్స్ అక్షరం కూడా ఉండేది. అది కూడా పదకొండుతో భాగించే లెక్కతో కట్టిందే. శేషం పది వస్తే ఒక్క అంకెలో రాయలేరు గనుక ఆ అక్షరం.

అయితే ఒక మాట గుర్తుంచుకోండి. కాపలా అంకె నంబరు సరిగ్గా ఉందని చెబుతుంది గాని అది మీదేనని చెప్పదు. పొరపాటున మీ ఫారంలో ఇంకొకరి ఆధార్ నంబరు మొత్తం సరిగ్గా రాస్తే, అది కూడా పరీక్షలో నెగ్గుతుంది. కాపలా అంకె లేని నంబర్లు మన కాగితాల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాటిని మనమే చూసుకోవాలి.

అందుకని కార్యదర్శి గారిని అడిగి ఒక ఏర్పాటు చేయించాను. భోజనాలయ్యాక వరండాలో బల్ల వేస్తారు. మీ పెన్షన్ పుస్తకం, బ్యాంకు పాసు పుస్తకం, ఆధార్ తెచ్చుకున్నవారు అక్కడికి రండి. నంబరు జతలు జతలుగా నేను పైకి చదువుతాను, మీరు రెండో కాగితంలో చూసుకోండి. నా గొంతు తప్ప ఇంకెవరికీ వినబడకుండా పక్కకు కూర్చుందాం, భయం లేదు. దంపతులిద్దరూ వస్తే మరీ మంచిది. ఆయన నంబరు ఆవిడకు, ఆవిడ నంబరు ఆయనకు నోటికి వచ్చేదాకా నేను లేవను. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయినవారు కూడా రావచ్చు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు తీసుకుంటాను.